మామ మాటల కింది పాటలు

మొన్న హైదరాబాదులో మా అమ్మాయి నిఖిల ఇంటికి వెళ్లినప్పుడు, గోడకు ఆనించి పెట్టిన ఒక రికార్డు అట్ట మీద ఆ మొహం కనిపించింది. పొట్టిగా కత్తిరించిన జుట్టు, చెవులకు పెద్ద రింగులు, తెల్ల చొక్కా, ఎవరో వెనకనుంచి పిలిస్తే తిరిగినట్టు పక్కకు చూసే చూపు. నేను చీరకొంగుతో కళ్లద్దాలు తుడుచుకుని ఆ అట్టను చేతిలోకి తీసుకున్నాను. "ఈమె నీకెట్ల తెలుసే?" అన్నాను. "అది నేనడగాలమ్మా. నీకెట్ల తెలుసు?" అంది నిఖిల. ఈమె అమెరికాలో నల్లజాతి గాయని అట. సోల్ అనే రకం పాటలు పాడుతుందట. ఇది ఎనభైల్లో వచ్చిన ఆమె మొట్టమొదటి ఆల్బమట. ఈ కాలం పిల్లలు అలాంటి పాత రికార్డులు మళ్లీ అచ్చు వేయించుకుని మరీ కొనుక్కుంటున్నారట. అదంతా నాకు కొత్త సంగతే. మా ఇంట్లో ఆమెకు అలాంటి పరిచయాలేవీ ఉండేవి కావు. ఆమెను మేము దుబాయక్క అనేవాళ్లం.

"రెండో వైపు పెట్టు ముందు," అన్నాను. నిఖిల రికార్డు తిప్పి ముల్లు దించింది. తీగలు మోగకముందే నా నోటినుంచి రాగం వచ్చేసింది. ఒక పాట అయిపోతుంటే తరువాతి పాట ఎలా మొదలవుతుందో, ఎక్కడ ఆమె ఊపిరి పీల్చుకుంటుందో, ఎక్కడ వెనక పాడేవాళ్లు అందుకుంటారో అన్నీ నాకు తెలుసు. మూడో పాటకు నిఖిల ఫోన్ పక్కన పడేసి నా మొహమే చూస్తూ కూర్చుంది. ఆర్మూర్‌లో బీడీలు చేసుకునే ఇంట్లో పెరిగి, జీవితమంతా సర్కారు బడిలో పాఠాలు చెప్పుకున్న తల్లికి ఈ పాటలెలా వచ్చాయో దానికి అంతుపట్టలేదు. ఆ తరువాత మొదటి వైపు పెట్టింది. అందులో నాకు ఒక్క పాట కూడా తెలియదు. "సగం కంఠతా వచ్చుడేంది, సగం అస్సలు తెలువకపోవుడేంది?" అని నవ్వింది. నేను నవ్వలేకపోయాను. మాకు ఆ మొదటి వైపున ఉన్నది పాటలు కాదు. భూమన్న మామ గొంతు.

భూమన్న మామ మా గంగమణి అత్త భర్త. అత్త మా బాపుకు ఒక్కగానొక్క చెల్లెలు. మామకు తల్లీ తండ్రీ లేరు. అందుకని ఆయన సౌదీలోని దమ్మాంకు పోయినప్పుడు అత్త మా ఇంటికే వచ్చి ఉంది. మా వైపు ఏ దేశం పోయినా దుబాయ్ పోయినట్టే. దమ్మాంకు పోయినా, మస్కట్‌కు పోయినా అందరూ "దుబాయ్‌లున్నడు" అనే చెప్పేవారు. మా ఇంట్లో పగలంతా రెండు వాసనలు ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉండేవి. ఒకటి తడిగుడ్డలో చుట్టి పెట్టిన తునికాకుది, దాని పక్కనే తంబాకు ఘాటు. రెండోది మాఘం వచ్చిందంటే పెరటి అవతల పెద్ద కడాయిలో ఉడికే పసుపుది. పచ్చి పసుపు ఉడుకుతుంటే వచ్చే వాసన తెలియనివాళ్లకు ఎలా చెప్పాలో నాకు ఇప్పటికీ తెలియదు. తడిమట్టినీ అల్లాన్నీ కలిపి కాచినట్టు ఉంటుంది, జుట్టుకు పడితే రెండు తలస్నానాలకు గానీ వదలదు. బాపు పసుపు యార్డు నుంచి వస్తే ధోతి అంచులు, గోళ్లు, కనుబొమలు కూడా పచ్చగా ఉండేవి. బాయి దగ్గర కాళ్లు కడుక్కుంటూ వరసగా ఏడెనిమిది తుమ్ములు తుమ్మేవాడు. ఆ తుమ్ములు అయ్యేదాకా ఆయనతో ఎవరూ మాట్లాడేవారు కాదు.

అమ్మా అత్తా, పక్కింటి ఇద్దరు ఆడవాళ్లూ పొద్దున్నే వంటలు ముగించుకుని పంచలో గోడకు వీపు ఆనించి, ఒళ్లో చాటలు పెట్టుకుని కూర్చునేవారు. నేను బడినుంచి వచ్చి ఆకు కత్తిరించేదాన్ని. కొలతకు పెట్టుకునే రేకు ముక్క ఆకు మీద ఆనించి కత్తెర తిప్పడమే, కానీ ఈనె ఎటు పోయిందో చూసుకోకపోతే అమ్మ వీపు మీద ఒకటి వేసేది. వాళ్లలో అత్త చేయి అందరికంటే వేగం. మాట మాత్రం తక్కువ. ఎవరేమన్నా ముందు వినేది. విన్న తరువాత కూడా వింటున్నట్టే ఉండేది. మామ అంతకు ముందు ఏడు పంపిన టేప్‌రికార్డర్ ఆమె పక్కనే, చేతిరుమాలు కప్పుకుని కూర్చునేది.

ఒకరోజు దగ్గరి ఊరు మెండోర మనిషి ఒకాయన, మామతో పాటే దమ్మాంలో ఉండి సెలవు మీద వచ్చినవాడు, మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చి రెండు సబ్బులు, ఒక తలనొప్పి మందు సీసా, ఒక క్యాసెట్ ఇచ్చిపోయాడు. మామకు రాయడం అంతగా రాదు, అత్తకు చదవడం రాదు. ఉత్తరమంటే ఆయన ఎవరితోనో రాయించడం, ఇక్కడ నేను చదవడం. నాలుగు చేతులు మారేసరికి అందులో క్షేమ సమాచారాలు తప్ప ఏమీ మిగిలేది కాదు. అందుకే గొంతు వచ్చిందనగానే పక్కింటివాళ్లు కూడా చాటలు ఎత్తుకుని దగ్గరికి జరిగారు. బాపు యార్డుకు పోకుండా ఆగిపోయాడు.

"గంగమణీ, నేను భూమన్నను మాట్లాడుతున్న," అంది టేప్‌రికార్డర్. "ఇంకెవలు మాట్లాడుతరు!" అని అమ్మ నవ్వింది. మామ మనుషులను పేరుపేరునా అడిగినట్టు మా చేను సంగతులన్నీ బాపును అడిగాడు. పసుపు తవ్వినవా బావా, కొమ్ము ఎట్లున్నది, మక్క పెట్టినవా, ఎద్దు కాలు నయమైందా. "కోడలు పిల్లా, పదోది చదువుతున్నవట, జర మంచిగ చదువు," అన్నాడు. నాకు గర్వంతో చెవులు వేడెక్కాయి. తరువాత తన సంగతి చెప్పాడు. "నాకేం ఫికర్ లేదు." అక్కడ మాట ఆగి, ఎక్కడినుంచో ఒక దెబ్బ డప్పు మీద పడి, ఒక ఆడగొంతు సగం మాట పలికి పోయింది. మళ్లీ మామ వచ్చాడు. "తిండి మస్తుగున్నది." మళ్లీ ఆ ఆడగొంతు, ఈసారి ఒక నిట్టూర్పంత. "పని అల్కగనే ఉన్నది." మళ్లీ.

చివర్లో ఆయనే చెప్పాడు. ఖాళీ క్యాసెట్ దొరకలేదట. ఒక డ్రైవర్ తన దేశం వెళ్లిపోతూ ఈ పాటల క్యాసెట్ ఇచ్చాడట. "అవతలి దిక్కు ఎవలో ఆమె పాడుతది. మనకేం సమజ్ కాదు. మీరు దానిమీదనే మీ ముచ్చట నింపి పంపుండ్రి," అన్నాడు. ఆ మాటతో మామ గొంతు అయిపోయి, చెరపకుండా మిగిలిన పాట తోక ఒకటి వినిపించి, టేపు టక్కుమని ఆగింది.

బాపు సంతోషంగా లేచాడు. "మంచిగున్నడు మనోడు," అని తువ్వాల దులుపుకుని యార్డుకు పోయాడు. అత్త మాత్రం కదలలేదు. క్యాసెట్ తీయించుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. దుకాణంలో అమ్మే పాటల క్యాసెట్ మీద ఇంకేదీ రికార్డు కాకుండా పైన రెండు గుంటలు ఉంటాయి. వాటిని మూసేస్తే రికార్డు అవుతుంది. మామ ఆ గుంటలకు తెల్లటి పట్టీ ముక్కలు అంటించాడు. అత్త దాన్ని గోటితో గీరి, ముక్కు దగ్గర పెట్టుకుంది. "బిడ్డా, గిది దవాఖానల పుండ్లకేసే పట్టి గాదా?" అంది. అవును, అదే. "గాయనకెక్కడిది?"

మరునాడు మధ్యాహ్నం అత్త నన్ను పక్కన కూర్చోబెట్టుకుని మొదటి వైపు మళ్లీ పెట్టించింది. ఆ మరునాడూ అంతే. నాలుగోసారి వింటున్నప్పుడు నా మోచేయి పట్టుకుంది. "పసుపు ముచ్చట చెప్పినప్పుడు ఆగిండా?" లేదు. "నీ సదువు ముచ్చటప్పుడు?" లేదు. "గడగడ చెప్పుకుంట పోతుండు సూడు. తన ముచ్చట రాంగనే ఆపుతుండు. ఆపినకాడ రీలు జర ముందుకు జరిగి గామె పాట పైకొస్తుంది. మాట రాక ఆపిండు గాయన. ఏడ్పొచ్చి ఆపిండు." ఆమె వేళ్లు మడిచి చెప్పింది, అలాంటి చోట్లు మొత్తం ఏడు.

అమ్మ బాపుకు ఈ సంగతి చెప్పింది. బాపు అన్నం కలుపుతూ, "మిషిను ఖరాబయుంటది. చెల్లెకు అన్నీ అనుమానాలే," అన్నాడు. అత్త గుమ్మం దగ్గర నిలబడి, "గాయన్ను రమ్మను అన్నా," అంది. బాపు ముద్ద ఎత్తకుండా ఆగాడు. ఆయన చెడ్డవాడు కాదు. చెల్లెలి కాపురం నిలబడాలని, నాలుగేళ్లని పోయినవాడు రెండేళ్లకే వస్తే నలుగురు నాలుగు మాటలంటారని భయపడేవాడు. "ఇంకొంచెం ఓపిక పట్టు చెల్లె. మొగోడన్నంక దూరదేశంల జర దుఃఖముంటది," అన్నాడు. అత్త పంచలోకి తిరిగిపోయింది. చాట ముందు కూర్చుంది.

జవాబు నింపడం దగ్గర మరో చిక్కు వచ్చింది. మామ చెప్పినట్టు చేస్తే రెండో వైపు పాటలు పోతాయి. ఆ వారం పదిరోజుల్లోనే ఆ పాటలు మా పంచలో మనిషిలా తిరుగుతున్నాయి. అత్త మొదటి వైపు విని మనసు చెదిరిపోయినప్పుడల్లా "అవతలికి మలుపు" అనేది. దుబాయక్క గొంతు పెద్దగా ఎగిరేది కాదు, పక్కగదిలో ఉన్న మనిషితో మాట్లాడుతున్నట్టు మెల్లగా మొదలయ్యేది. పోనుపోను ఎక్కడో లోపలినుంచి తవ్వుకొచ్చి ఒక్క మాటను అలా పట్టి నిలిపేది. నలుగురి చేతుల్లో తునికాకు ఆ మాట కిందికి దిగేదాకా చుట్టుకోకుండా ఆగేది. అర్థాలు వాళ్లే కట్టుకున్నారు. మొదటి పాట మొగణ్ని తిట్టేదట. రెండోది పిల్లను నిద్రపుచ్చేదట. మూడో పాట వస్తే పక్కింటామె, "గీమెకు అత్తపోరున్నదే," అని తేల్చేసింది. తరువాత ఎన్నో ఏళ్లకు నాకు తెలిసింది, మొగణ్ని తిట్టే పాట నిజానికి కొత్తగా పెళ్లయిన పిల్ల సంబరం. నేను ఎవరికీ చెప్పలేదు. చెప్పినా వాళ్లు ఒప్పుకునేవారు కాదు.

"గామెను తుడిచేసి నేను మాట్లాడుడా?" అంది అత్త. "వద్దు." నన్ను వెంటబెట్టుకుని గోల్‌బంగ్లా దారిలో ఫోటోలు తీసే దుకాణానికి నడిచి, కొత్త క్యాసెట్ తెప్పించి ఇమ్మని అడిగింది. అది రావడానికి పదిహేను రోజులు పట్టింది. వచ్చిన రోజు బాపు ముందుగా కూర్చుని పసుపు దిగుబడి, ఎద్దు కాలు, ఊళ్లో పెళ్లిళ్లు అన్నీ సభలో మాట్లాడినట్టు గట్టిగా చెప్పి, "ఇగో, మీ చెల్లె మాట్లాడుతది," అని తడబడి, "గంగమణి మాట్లాడుతది," అని సరిచేసుకుని యార్డుకు పోయాడు. అత్త నన్ను తలుపు దగ్గరగా వేయమంది. నేను బటన్ నొక్కాను. చక్రాలు తిరుగుతున్నాయి. అత్త నోరు విప్పలేదు. బయట కోడి అరుపు, దూరంగా పసుపు కొమ్ములను డ్రమ్ములో తిప్పుతున్న గరగర, అమ్మ చాటలో ఆకు సర్దుకుంటున్న చప్పుడు, ఇవే పడుతున్నాయి. నేను కంగారుపడి సైగ చేశాను. అత్త చేత్తో ఆగమంది. చాలాసేపటికి, టేపులోకి కాక ఎదురుగా నిలబడ్డ మనిషికి చెప్పినట్టు అంది. "నువ్వు ఏడ ఏడ ఆపినవో నాకు ఎరుకైంది. నీకు దెబ్బ తాకింది. ఏం తాకిందో నాకు చెప్పకు. లేచి వచ్చెయ్యి. ఎట్లున్నా వచ్చెయ్యి. గంజి తాగి బతుకుదం."

నేను బటన్ ఆపేశాను. "బాపుకు చెప్పకు బిడ్డా," అంది. నేను చెప్పలేదు. బాపు అన్నానికి కూర్చుంటే నేను ఆకు, కత్తెర తీసుకుని పెరట్లోకి పోయేదాన్ని. ఆలూర్ నుంచి ఎవరో దమ్మాం పోతుంటే క్యాసెట్ వాళ్ల చేతికి ఇచ్చాం. ఆ తరువాత ఏ కబురూ లేదు. మక్క, అంటే మొక్కజొన్న, మొలిచి మోకాలెత్తు అయింది. రెండో వైపు పాటలు నలిగి నలిగి, ఒకచోట గొంతు నీళ్లలో మునిగినట్టు వచ్చేది. అత్త చేయి వేగం తగ్గింది. ఒకోసారి చుట్టిన బీడీకి దారం కట్టడం మరిచిపోయి కింద పెట్టేసేది.

మామ ఒక పొద్దున నిజామాబాద్ బస్సు దిగి నడుచుకుంటూ వచ్చాడు. నడుచుకుంటూ అనడం కంటే ఒక కాలు ముందు వేసి రెండోదాన్ని వెంట లాక్కుంటూ అనాలి. పని చేస్తున్న కట్టడం మీదనుంచి పడ్డాడట. తుంటి విరిగి మూడు నెలలు మంచం మీద ఉండి, అక్కడినుంచే ఆ క్యాసెట్ నింపాడట. పుండుకు వేసే పట్టీనే చించి గుంటలకు అంటించాడట. అత్త పంచలోనుంచి లేవలేదు. చాటలో ఉన్న తంబాకు మీద కళ్లనీళ్లు పడుతుంటే దాన్ని పక్కకు జరిపింది, అంతే. మామ గడప మీద కూలబడి, "నువ్వు రమ్మన్నంక ఉండబుద్ధి కాలే," అన్నాడు. బాపు బాయి దగ్గరనుంచి చూస్తూ నిలబడ్డాడు. తరువాత వచ్చి మామ చెప్పులు విప్పి, ఆ వంకరపోయిన కాలిని చేత్తో నిమిరి, అత్త వైపు చూడకుండా అన్నాడు. "నాకు చెవులున్నయి గని, వినరాకపాయె చెల్లె." బాపు ఒకరి ముందు తప్పు ఒప్పుకోవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

మామ ఆ కాలితోనే బాపుతో కలిసి పసుపు పెట్టాడు. వాళ్లకొక కూతురు పుట్టింది. ఆ క్యాసెట్ ఏమైందని నిఖిల అడిగింది. చెప్తే నమ్మలేదు. మక్క పాలు పట్టే వేళకు చిలకలు గుంపులుగా వాలి కంకులు ఒలిచేసేవి. చేను చుట్టూ కట్టెలు పాతి క్యాసెట్ రీలు కడితే అది ఎండకు మెరిసి, గాలికి గుయ్యిమని మోగి చిలకలను దగ్గరికి రానిచ్చేది కాదు. అప్పట్లో అందరూ అలాగే చేసేవారు. రెండో వైపు పాట పూర్తిగా నలిగిపోయాక, అత్తే ఆ క్యాసెట్ మామ చేతిలో పెట్టింది. "దీంట్ల మామ మాటలున్నయి కదా అత్తా," అని నేను అడ్డం పడ్డాను. "మనిషే ఇంట్ల ఉన్నంక మాటల డబ్బ ఎందుకే," అని నవ్వింది. ఆ ఏడు మా మక్కచేను చుట్టూ మామ గొంతూ దుబాయక్క గొంతూ కలిసి మెరిశాయి.

నిఖిల ఇంట్లో మొదటి వైపు పాటలు వింటూ ఇవన్నీ చెప్తున్నాను. మూడో పాట మధ్యలో ఒక దెబ్బ పడి, ఆమె సగం మాట అనగానే నేను నిఖిల మోచేయి పట్టుకున్నాను. "నాకేం ఫికర్ లేదు" అన్న మాట వెనక వచ్చే ముక్క అది. సగం మాటగానే నాకు తెలిసినది ఇప్పుడు పూర్తయి ముందుకు సాగిపోయింది. అందులో గొప్ప అర్థమేమీ లేదు, ఆమె వాన గురించి పాడుతోంది. అయినా దాన్ని మళ్లీ మళ్లీ పెట్టించుకున్నాను. ఇప్పుడు ఒకరి గొంతు కోసం ఇంకొకరి పాటను చెరపవలసిన పని లేదు. అన్నింటికీ చోటుంది. నా ఫోన్లోనే వినకుండా వదిలేసిన గొంతు సందేశాలు ఎన్ని ఉన్నాయో. ఒక్కదాన్ని నాలుగుసార్లు విన్న మధ్యాహ్నం నాకు ఈ మధ్య గుర్తులేదు.

ఆర్మూర్ తిరిగి రాగానే ఆటో ఎక్కి ఆలూర్ వెళ్లాను. అత్త అక్కడ కూతురి దగ్గర ఉంటుంది. మామ పోయి అయిదేళ్లవుతోంది. వాకిట్లో కూర్చుని చింతపండు గింజలు తీస్తున్న అత్తకు ఫోన్లో ఆ అట్ట బొమ్మ చూపించాను. కళ్లు చికిలించి చూసి, "దుబాయక్క!" అంది. మొదటి వైపు పెట్టాను. ఆ ముక్క వచ్చేసరికి ఆమె చేతులు ఆగాయి. నేనేమీ చెప్పనవసరం రాలేదు. పాట అయ్యేదాకా అలాగే ఉండి, "గీ పాటల మీదనా గాయన మాట్లాడింది. మంచి పాటలే చెడగొట్టిండు," అని నవ్వింది. నవ్వుతూనే కొంగుతో మొహం తుడుచుకుంది. మామ గొంతు చిలకలకు ఇచ్చేసినందుకు ఎప్పుడైనా బాధపడ్డావా అని అడుగుదామనుకున్నాను.

అంతలో ఆమే అడిగింది. "గీమె ఉన్నదా ఇంకా?"

"ఉన్నది అత్తా. పాడుతనే ఉన్నదట."

"ముసలిదైందా?"

"అయింది. గొంతు జర మందమైంది. మునుపటంత పైకి పోదు."

అత్త గింజలున్న గిన్నె పక్కకు నెట్టి, కాళ్లు చాపుకుని, గోడకు వీపు ఆనించింది.

"అట్లయితే ఇప్పుడు పాడింది పెట్టు," అంది.